చేను చెఱువైన పిదప

వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో తాడేపల్లిగూడెమునుండి గణపవరము మీదుగా కొల్లేటి దెసకు పోవువారికి రెండు దృశ్యము లొకదాని చెంత నొకటి కానవచ్చును. ఒకప్రక్క దాళ్వా కోసిన మాగాణము ఎండకు నెఱ్ఱెలు విచ్చి పడియుండును. మఱియొకప్రక్క ఎత్తైన గట్ల నడుమ చేపల చెఱువులును, రొయ్యల చెఱువులును నిండుగా నిలిచియుండును. రెండింటికి నడుమ నున్నది గట్టొక్కటియే. ఆ గట్టు మొదటనున్న చేనిలో అక్కడక్కడ మన్ను తెల్లబాఱియుండుటయు, ఆ మేర వరిదుబ్బులు పలుచనగుటయు చూచి రైతు "చౌడు లేచినది" అని ఒక్కమాటతో సరిపుచ్చును. ఆ యొక్కమాటలో నెంత కథ యిమిడియున్నదో, ఆ కథ ముగింపు మన చేతులలో నెంతవఱకున్నదో విచారింపవలయునని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కౌళ్ళు మాటలాడుకొను దినములలో ఈ సీమయందలి భూస్వాముల యెదుట ప్రతి సంవత్సరము ఒక ప్రశ్న నిలుచుచున్నది. చేనిని వరికే యుంచుటయా, చెఱువునకిచ్చుటయా? చెఱువు కౌలు వరికౌలుకంటె చాల హెచ్చు. అందును రొక్కముగా, ముందుగా చేతికి వచ్చును. వాన వచ్చినను, రాకున్నను, ధర యున్నను, లేకున్నను భూస్వామికి చింత లేదు. ఇట్టి బేరమును కాదనుమని చెప్పుట సులభము కాదు. అయినను వరి వేయుట ఒక కారుకు సంబంధించిన నిర్ణయము. చెఱువు త్రవ్వుట ఒక తరమునకు సంబంధించిన నిర్ణయము. ఒక కారు నిర్ణయమును చేసినంత తేలికగా తరము నిర్ణయమును చేయుచున్నామేమో యని మా భయము.

ఈ మాగాణము పుట్టుపూర్వోత్తరములను ఒకింత స్మరింపవలసియున్నది. 1833 నాటి ఘోరక్షామము గోదావరీ సీమను కూడ పట్టి పీడించెను. పిమ్మట 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలై 1852 నాటికి ముగిసెను. సర్ ఆర్థరు కాటను దొరగారి పేరును, ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణం వీరన్నగారి పేరును డెల్టా రైతులు నేటికిని భక్తితో తలచుచున్నారు. విజ్జేశ్వరము వైపునుండి బయలుదేరు కాలువలు నేడు పశ్చిమ డెల్టాలో అయిదు లక్షల యెకరములకు మించి నీరిచ్చుచున్నవి. అయితే కాటను దొర తెచ్చినది నీటిని మాత్రమే. మన్ను ఆయన తెచ్చినది కాదు. అది గోదావరి వేలయేండ్లు వరదలతో మోసికొనివచ్చి పొరలు పొరలుగా పఱచిన యొండ్రు. నీరు ఒక యేడు తక్కువైనను మఱుసటి యేడు రావచ్చును. పైజానెడు మన్ను పోయినచో దానిని మరల తెచ్చి పోయు నది నేడు లేదు. వరదగట్లు కట్టిన పిదప ఒండ్రు చేలకు చేరుట మానినది గదా!

మాగాణమునకు రెండు ప్రాణములు. ఒకటి నీరు వచ్చు త్రోవ, రెండవది నీరు పోవు త్రోవ. మొదటిదానియెడ మనకున్న శ్రద్ధ రెండవదానియెడ ఎన్నడును లేదు. కొల్లేటి చుట్టునున్న పల్లములలో నేల వాలు మిక్కిలి స్వల్పము. ఎఱ్ఱకాలువ నందమూరు అక్విడక్టు వద్ద డెల్టాలో ప్రవేశించి యనమదుఱ్ఱు మురుగుకాలువయై సముద్రమునకు పోవును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కొల్లేటిలో కలియును. కొల్లేటినుండి సముద్రమునకు త్రోవ ఉప్పుటేరొక్కటియే. 1960 దశకములో మురుగు బాధ దుర్భరము కాగా మిత్రా సంఘము డెల్టా మురుగుకాలువలను పరీక్షించి సూచనలు చేసెను. 1968లో మురుగుపన్నుకు చట్టము కూడ వచ్చెను. నీరు తీయుట నీరు పెట్టుటవలెనే వ్యవసాయమున సగపాలని ఆనాటివారు గుర్తించిరనుటకు ఇది నిదర్శనము. ఆ గుర్తింపును మనము క్రమముగా మఱచితిమి.

వరిరైతు చెఱువు వైపు చూచుటకు కారణములు లేకపోలేదు. 1925లో స్థాపితమైన మారుటేరు పరిశోధనా స్థానము 1982లో స్వర్ణ యను వంగడమును లోకమున కిచ్చెను. ఆ వంగడము దేశమందు అనేక రాష్ట్రముల గాదెలు నింపెను. కాని గాదె నిండినంత మాత్రమున రైతు చేయి నిండలేదు. ఎరువులు, కూలి, యంత్రముల బాడుగ పెరిగినంతగా ధాన్యము ధర పెరుగలేదు. దాళ్వాకు సీలేరు నీటికై యెదురుచూపులు, వంతులవారీ తడులు, కోతల వేళ తుపానులు, అమ్మకము వేళ తేమ లెక్కలు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి చేలను బీడు పెట్టిరి. అన్నము పెట్టువాడు అలిగి కూర్చుండుట అదివఱకు తెలుగుదేశము ఎఱుగని వింత. ఇట్టి దినములలో చెఱువు కౌలు ఆశ చూపగా రైతు లొంగుటలో వింత లేదు. అతనిని నిందించుటకు మేము పూనుకొనలేదు.

చెఱువుల చరిత్ర కొల్లేటి గర్భమున ఆరంభమైనది. 1970 దశకములో మత్స్యకారుల సహకార సంఘముల పేర ప్రభుత్వమే సరస్సులో చెఱువులు త్రవ్వించెను. పేదల జీవనమునకై తలపెట్టిన యీ పని క్రమముగా ధనవంతుల చేతులలోనికి పోయెను. గట్లమీద గట్లు లేచి సరస్సు కుంచించుకొనిపోయెను. 1999లో సముద్రమట్టమునకు అయిదడుగుల కాంటూరు వఱకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసారు ఒడంబడిక క్రింద కొల్లేటికి అంతర్జాతీయ ప్రాముఖ్యము లభించెను. 2006లో సుప్రీముకోర్టు ఆజ్ఞపై చెఱువుల గట్లు తెగగొట్టబడెను. సరస్సును గూర్చి ఇంత వాదము జరుగుచుండగా, సరస్సు వెలుపల పట్టాభూములలో వరిచేలు నిశ్శబ్దముగా చెఱువులగుచున్నవి. కొల్లేటి కొంగలకు న్యాయవాదులు దొరకిరి. గణపవరపు మాగాణమునకు ఇంకను దొరకలేదు.

న్యాయస్థానము ఈ విషయమును ఎఱుగనిది కాదు. తమిళదేశపు సర్వోదయ నాయకులు ఎస్. జగన్నాథన్‌గారు రొయ్యల చెఱువులవలన తీరగ్రామముల చేలును, నూతులును ఉప్పుపాలగుచున్నవని సుప్రీముకోర్టు నాశ్రయింపగా 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు వెలువడెను. సాగుభూములను, మడయడవులను, చిత్తడి నేలలను, గ్రామసామాన్యపు భూములను రొయ్యల చెఱువులుగా మార్చరాదని ఆ తీర్పులో స్పష్టముగా నున్నది. అటుపిమ్మట 2005లో తీరప్రాంత జలచరముల సాగునకు కేంద్ర చట్టమును, 2020లో మన రాష్ట్రమున జలచరాభివృద్ధి ప్రాధికార చట్టమును వచ్చినవి. చట్టములకు కొదువ లేదు. చట్టము చేనిగట్టు వఱకు నడచి వచ్చుటయే కొదువ.

ఇక చేను చెఱువైనప్పుడు భూమికేమగునో చూతము. మొదట చేనిని త్రవ్వి మట్టిని చుట్టును గట్లుగా పోయుదురు. పంటకు ప్రాణమైన పైమన్ను గట్టులోనికి పోవును, లోపలి నిస్సారమైన అడుసు పైకి వచ్చును. రెండవది, చెఱువులో నిరంతరము మనిషిలోతు నీరు నిలుచుటచే ప్రక్కచేనిలో భూగర్భజలము పైకి లేచి, సార్వాలో వేరు కుళ్ళుటయు, కోతలకు నేల ఆరకుండుటయు సంభవించును. మూడవది, చెఱువు గట్లు పంటబోదెలకును, మురుగుకోళ్ళకును అడ్డుపడి నీటి నడకను మార్చివేయును. నాలుగవదియు, అన్నిటికంటె ఘోరమైనదియు ఉప్పు.

ఇచ్చట న్యాయముగా ఒక భేదము చెప్పవలయును. బొచ్చె, శీలావతి పెంచు మంచినీటి చెఱువును, వెనామీ రొయ్యను పెంచు ఉప్పునీటి చెఱువును ఒక్కటి కావు. చేపల చెఱువు అడుగున చేరు బురద సారవంతమే. దానిని చేలకు తోలుకొను రైతులును కలరు. అట్టి చెఱువు ఊట బాధ కలిగించును గాని ఉప్పు పెట్టదు. వెనామీ అట్లుకాదు. 2009 నుండి మన దేశమున వ్యాపారార్థము పెంపబడుచున్న యీ రొయ్య స్వల్పమైన ఉప్పులో కూడ బ్రతుకజాలును. అందుచేత సముద్రమునకు దూరముగానున్న మాగాణములలో కూడ లోతుబోర్లనుండి ఉప్పునీరు తోడి చెఱువులు నింపుట సాధ్యమైనది. నూఱడుగుల క్రింద నిద్రించుచున్న ఉప్పును మనమే మేల్కొలిపి చేలపైకి తెచ్చుకొనుట యనగా ఇదియే. మునుపు ఉప్పు సముద్రమునుండి వచ్చెడిది. ఇప్పుడు మోటారు మీట నొక్కిన వచ్చుచున్నది.

ఉప్పు చేయు పని నెమ్మదియైనది. ఊటనీరు ప్రక్కచేని మట్టిలో చేరును. వేసవిలో ఎండకు నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. ఏటేట ఆ మిగులు పెరుగును. మన్ను సంతృప్తరసములో విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమన్లు మించినచో దానిని చౌడు నేలగా శాస్త్రజ్ఞులు పరిగణింతురు. వరికి 3 దాటినప్పటినుండియే దిగుబడి తగ్గుట ఆరంభమగును. అటుపై ఒక్కొక్క డెసిసీమనుకు నూటికి సుమారు 12 వంతులు తగ్గునని లెక్క. కంటికి తెల్లని పొర కనబడుసరికి చేను చాలవఱకు నష్టపోయియుండును. కావున కంటిని నమ్ముకొన్నవాడు ఎల్లప్పుడును ఆలస్యముగానే మేల్కొనును.

నేరమంతయు చెఱువులదే యనుట మా యుద్దేశము కాదు. వరిచేనిలోనే వరిరైతు చేయుచున్న అపచారములును కలవు. సార్వా, దాళ్వాలు విరామము లేక వేయుటచే నేల ఎండి గాలి పీల్చు అవకాశము తగ్గినది. సదా నీట నానుచుండు నేలలో జింకు పైరుకు అందదు. ఆకులపై తుప్పు మచ్చలు పడును. రైతు దానిని చూచి యూరియా చల్లును. పూర్వము తొలకరికి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతకు వచ్చినప్పుడు కలియదున్నుట ఆచారము. కోతయంత్రము వచ్చిన పిదప గడ్డి చేలోనే తగులబడుచున్నది. పశువు తగ్గినది, పెంట తగ్గినది. ఇటుకబట్టీలకు పైమన్ను నమ్ముకొనువారును ఉన్నారు. ఇట్లు చెఱువు త్రవ్వకయే చేను చిక్కిపోవుచున్నది. చిక్కిపోయిన చేనుకు దిగుబడి తగ్గును. దిగుబడి తగ్గిన చేనును చెఱువునకిచ్చుట తేలికగా తోచును. ఒక వ్యాధి రెండవ వ్యాధికి త్రోవ చూపుట ఇట్లే.

దీనికి తోడు కౌలు పద్ధతి యొకటి. డెల్టాలో దున్నువాడొకడు, పట్టా యొకనిది. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పదునొకండు మాసముల పత్రమిచ్చుచున్నది. ఋణమునకును, పరిహారమునకును అది మేలే. కాని పదునొకండు మాసములకు వచ్చినవాడు రాబోవు యేటి పంటకై జీలుగ యేల చల్లును? చెఱువుమట్టి యేల తోలును? మురుగుకోడు పూడిక యేల తీయును? ఆ శ్రమ ఫలము మఱియొకని కందునని అతడెఱుగును. భూమిని కాపాడుట దున్నువాని పని యని యజమానుడును, యజమానుని పని యని దున్నువాడును తలచినచో, అది ఎవని పనియు కాదు. ఈ విషయమున పట్టణములయందు నివసించు భూస్వాములు తమ్ము తాము ప్రశ్నించుకొనవలయునని సవినయముగా మనవి చేయుచున్నాము. ఏటికొకమారు కౌలు సొమ్ము పుచ్చుకొనుటకు వచ్చినప్పుడు చేనిగట్టు వఱకు నడచి చూచినవారు ఎందఱు?

ఇది గణపవరమునకు మాత్రమే పట్టిన పీడ కాదు. భూమి క్షీణించుటను అరికట్టుటకు 1994లో ఐక్యరాజ్యసమితి యొడంబడిక యొకటి కుదిరెను. అహమ్మదాబాదు అంతరిక్ష ప్రయోగ కేంద్రమువారు ఉపగ్రహముల సాయముతో 2021లో ప్రకటించిన పటముల ప్రకారము, 2018–19 నాటికి మన దేశమున 9.78 కోట్ల హెక్టార్లు, అనగా నూటికి 29.77 వంతుల నేల, ఏదో యొక విధముగా క్షీణించియున్నది. 2003–05లో ఆ లెక్క 9.45 కోట్లు. 2019లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ సభలో 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్లను బాగుచేయుదుమని మన దేశము మాట యిచ్చెను. కాని ఒక చెఱువు గట్టు వెంబడి చౌడెక్కిన ముప్పది సెంట్ల చేను దేశపటములో చుక్కయైనను కానేరదు. ఆ చుక్కను గుర్తింపవలసినది ఆ గ్రామమే.

ప్రాచీన కాలమున టైగ్రిసు, యూఫ్రటీసు నదుల నడుమ కాలువలు త్రవ్వి సిరులు పండించిన దేశము మురుగు తీయుట నేర్వక ఉప్పుపాలయ్యెనని, గోధుమ తగ్గి ఉప్పు నోర్చు యవలు మిగిలెనని చరిత్రకారులు చెప్పుదురు. అమెరికాలో 1930 దశకమున బీడుపడిన మన్ను ధూళితుపానై లేచి పట్టణములను కప్పగా, 1935లో ఆ ప్రభుత్వము భూసంరక్షణకు ప్రత్యేక శాఖనే నెలకొల్పెను. మన దేశమున ఇండోరులో పనిచేసిన ఆల్బర్టు హోవార్డు రైతుల పద్ధతులనుండియే నేర్చి కంపోస్టు ఎరువు విధానమును లోకమునకు చాటెను. గాంధీజీ అనుయాయులైన జె. సి. కుమారప్పగారు 1945లో వెలువరించిన గ్రంథమున, తరుగని సంపద, తరుగు సంపద యను భేదమును బోధించిరి. చేను తరుగని సంపద. దానిని తరుగు సంపదగా మార్చుకొనుట స్వరాజ్యము వచ్చిన జాతికి తగునా?

ఇక కర్తవ్యము. మొదటిది పరీక్ష. 2015లో కేంద్రప్రభుత్వము భూసార పత్రముల పథకము నారంభించెను. నీటివసతి గల భూములలో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా యని దాని నియమము. అది మంచిదే. కాని చౌడు రెండున్నర హెక్టార్లు సమముగా వ్యాపింపదు. గట్టు ప్రక్కనుండి లోనికి నడచును. కావున చెఱువు ప్రక్కనున్న రైతు తన నమూనాలను తానే తీయించుకొనవలయును. గట్టు మొదట నొకటి, చేని నడుమ నొకటి, దూరపు హద్దున నొకటి. చౌడు అనుమానమున్న చోట జానెడు లోతు మన్ను చాలదు. మూరెడు, రెండు మూరల లోతువఱకు పొరపొరకు వేఱుగా తీయవలయును. ప్రతి వేసవి కాలువలు కట్టిన పిమ్మట, అవే చోట్ల, అదే లోతున తీయించి లెక్క వ్రాసియుంచవలయును. ఒక యేటి అంకె వార్త మాత్రమే. అయిదేండ్ల అంకెలు సాక్ష్యము. కోర్టుకు పోవలసివచ్చినను, చెఱువువానితో మాటలాడవలసివచ్చినను ఆ సాక్ష్యమే పనికివచ్చును.

రెండవది సరియైన చికిత్స. చౌడు రెండు తెఱగులు. పైన తెల్లని ఉప్పు పొర గలది పాలచౌడు. ఉదజని సూచిక ఎనిమిదిన్నర దాటి, నీరింకక, తడిసినప్పుడు జిగటగా, ఎండినప్పుడు రాయివలె గట్టిపడునది కారుచౌడు. కారుచౌడునకు జిప్సము మందు. పాలచౌడునకు జిప్సము వలన ప్రయోజనము లేదు. దానికి మంచినీటితో కడిగి, ఆ కడిగిన నీటిని బయటకు పంపుటయే మందు. పరీక్ష లేక అన్నింటికిని జిప్సమే చల్లువారు సొమ్మును మట్టిపాలు చేయుచున్నారు. కడుగుట యన్నను మురుగు త్రోవ లేనిదే కడిగిన ఉప్పు అచ్చటనే నిలుచును. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు డచ్చివారి సహకారముతో మన పశ్చిమ డెల్టాలోని కాళీపట్నమున భూమిలో గొట్టములు వేసి ఉప్పునీటిని తీసివేయు ప్రయోగము చేసిరి. విద్య యున్నది, అనుభవ మున్నది. కాని ఆ గొట్టములు ఒక్కని చేనిలో వేసిన చాలవు. అవి పోయి కలియవలసిన మురుగుకాలువ తెఱచియుండవలయును.

మూడవది నివారణ. ఇదియే అన్నిటికంటె చౌక. రొయ్యల చెఱువునకును పంటచేనికిని నడుమ నేల స్వభావమునుబట్టి యాభై మొదలు నూఱు మీటర్ల యెడము ఉండవలయునని తీరప్రాంతమునకు కేంద్రము చేసిన మార్గసూచికలలో నున్నది. తీరమునకు ఆవశ్యకమైనది, ఉప్పు అలవాటు లేని లోపలి మాగాణమునకు మఱింత ఆవశ్యకము కాదా? మంచినీటి ఆయకట్టు నడుమ ఉప్పుబోరు వేయరాదు. చేపల చెఱువైనను గట్టు వెలుపల ఊటకాలువ త్రవ్వి దానిని మురుగుకోడులో కలుపవలయును. చెఱువు నీటిని పంటబోదెలోనికి వదలరాదు. ఆ బోదె నీటినే దిగువ గ్రామములు త్రాగునీటి చెఱువులలో నింపుకొనుచున్నవని మఱువరాదు.

కౌలు వ్రాతలోనే కొన్ని షరతులు చేర్చుకొనుట భూస్వాముల చేతిలోని పని. ఉప్పునీరు తోడరాదు. త్రవ్వకమునకు ముందు పైమన్నును వేఱుగా కుప్పవేసి కాపాడవలయును. గడువు ముగియుసరికి గట్లు దించి, నేల చదును చేసి, పైమన్ను మరల పఱచి యొప్పగింపవలయును. అందులకు పూచీగా కొంత సొమ్ము ముందుగా నిలువ యుంచవలయును. ఈ వ్యయమును లెక్కలో చేర్చి చూచినచో, చెఱువు కౌలునకును వరికౌలునకును నేడు కనబడు అంతరము ఎంత మిగులునో ప్రతి భూస్వామియు కాగితము మీద వేసి చూచుకొనవలయును. వ్యాపారి తన యంత్రమునకు అరుగుదల వ్రాయును. మన పద్దులో భూమికి అరుగుదల యేల లేదు?

ఈ ప్రశ్నలో పొరుగువాని పాలు అన్నిటికంటె పెద్దది. ఇరువది మంది రైతుల చేలు ఒకే బోదె క్రింద నున్నవనుకొందము. నడుమ నొకడు చెఱువు త్రవ్వెను. మొదటి యేడు అతనికి రెండుదెసల వారికి ఊట తగిలెను. రెండవ యేడు వారి చేలు కోతకు ఆరలేదు. మూడవ యేడు వారును, ఇష్టము లేకున్నను, చెఱువునకిచ్చిరి. ఇట్లు ఒక్కని స్వేచ్ఛ పందొమ్మిదిమంది నిర్బంధమైనది. చివరకు మిగిలిన చిన్నరైతు రెండెకరములలో చెఱువు త్రవ్వజాలడు, వరి పండింపజాలడు, అమ్మజూచిన ధర రాదు. ఊడ్పులకును, కలుపులకును పోవు ఆడకూలీలకు వరిచేను ఇచ్చు పనిదినములను చెఱువు ఇయ్యజాలదు. వారికి పట్టాయు లేదు, కౌలును లేదు. నష్టములో మాత్రము భాగ మున్నది. కావున చెఱువునకు అనుమతి యిచ్చునప్పుడు త్రవ్వువాని దరఖాస్తును చూచినంత శ్రద్ధగా చుట్టునున్న వారి మాటను కూడ వినవలయును.

"వరిలో నష్టపడుమని మాకు చెప్పుటకు మీరెవరు? మీరు కొంప నిలుపుదురా?" అని రైతు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. రొయ్య, చేప మన రాష్ట్రమునకు తెచ్చిన ధనమును మేము కాదనుటలేదు. ఆ వృత్తిలో మన రైతులు చూపిన సాహసము దేశమునకే దారి చూపినది. వరికే కట్టుబడుమని మా వాదము కాదు. సహజముగా ఉప్పుగా నున్న తీరపు నేలలు రొయ్యకు తగినవి, లోతట్టు పల్లములు చేపకు తగినవి, ఏడాదికి రెండు పంటలు పండు మెరక మాగాణము వరికిని, అపరాలకును తగినది. ఏ నేలకు ఏది తగునో ముందు నిర్ణయించి, ఆ హద్దు దాటకుండుటయే మేము కోరునది. వరిరైతుకు గిట్టుబాటు ధర కల్పింపక, హద్దు మాత్రము గీచుట అన్యాయమని ప్రభుత్వమునకును చెప్పుచున్నాము. ధరయు, హద్దును జోడెద్దులవంటివి. ఒకదానిని విప్పిన బండి కదలదు.

మురుగుకాలువల పని మాత్రము ప్రభుత్వముది. దానిని రైతు మెడకు చుట్టరాదు. గుఱ్ఱపుడెక్కయు, తూటికాడయు పెరిగిన మురుగుకాలువ పేరునకు కాలువయే గాని పనికి గట్టువంటిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పట్టణమును ముంచినప్పుడు, నీరు పోవు త్రోవలను కబళించినచో ఏమగునో పట్టణవాసులకు తెలిసివచ్చెను. ఆ బుడమేరు వచ్చి చేరునది కొల్లేటికే. కొల్లేరు నిండి ఉప్పుటేరు లాగకున్నచో ఎగువ చేలన్నియు మునుగును. ఏలూరు పట్టణపు వర్తకుడును, గణపవరపు రైతును ఒకే నీటి కొసన ముడివడియున్నారు.

గణపవరము వంటి గ్రామము రేపటినుండి చేయదగిన పని యొకటి కలదు. 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి సంఘములు కలవు. గణపవరమున చింతలపాటి వరప్రసాద మూర్తిరాజుగారి పేర ప్రభుత్వ కళాశాల కలదు. చదువునకై ధారపోసిన ఆ భూస్వామి పేరిట వెలసిన విద్యాలయపు విద్యార్థులు వేసవి సెలవులలో సర్వే నంబరు సర్వే నంబరుగా మన్ను నమూనాలు తీసి, బోదెల నీటి ఉప్పును కొలిచి, గ్రామపటముపై రంగులు వేసి సచివాలయపు గోడకు అంటించినచో అంతకు మించిన భూసేవ యుండునా? ఏ చేను ఆరోగ్యముగానున్నది, ఏది చౌడు బాట పట్టినది, ఏ కోడు పూడినది యందఱకును కనబడును. దాచినది తెలియనిది కాదు, తెలిసినది దాగదు. కొత్తగా చెఱువు త్రవ్వబూనువాడు ఆ పటము ముందు నిలిచి పొరుగువానికి సమాధానము చెప్పవలసియుండును.

జూనులో కాలువలకు నీరు వదలుదురు. అంతకుముందు చేలు ఎండియుండు ఈ కొలది వారములే భూమి తన దేహస్థితిని మనకు చూపు కాలము. నీరు పాఱిన పిమ్మట ఆకుమళ్ళ పచ్చదనము తెల్లని మచ్చను కప్పివేయును, మనమును మఱచిపోవుదుము. ఈ యేడు మఱవకుందుము గాక. కౌలు కాగితము మీద చేవ్రాలు పెట్టుటకు ముందు భూస్వాములు ఒక్క యుదయము తమ చేని గట్టుమీద నడచి, పాదము క్రింది మన్నును గుప్పెడు చేత తీసికొని చూడవలయునని మా ప్రార్థన. తాతలు మనకు నీరు లేని భూమిని కాదు, నీరు పాఱు బంగారు మాగాణమును అప్పగించిరి. మనము మనుమల కప్పగింపబోవునది ఉప్పు గుంట కారాదు.